ఏసీఎల్ఎస్ పాసైనా కోడ్‌లో చేతులు ఎందుకు ఆడవు?

"ఆరు నెలల కిందట ఏసీఎల్ఎస్ (గుండె ఆగినవాళ్లకి చేసే అత్యవసర చికిత్స కోర్సు) పాసయ్యాను. వార్డులో నిజంగా అరెస్ట్ (గుండె ఆగడం, ఆసుపత్రి మాటల్లో కోడ్) వచ్చేసరికి ఏమీ తోచలేదు, ఏం ప్రాక్టీస్ చేయాలి?" అని ఒకరు అడిగారు. కోర్సులో పట్టుబడ్డ చేతివాటం మూడు నుంచి ఆరు నెలల్లోనే జారిపోవడం మొదలవుతుంది. కార్డు మీద గడువు మాత్రం రెండేళ్లుంటుంది. ఆల్గారిథం (చేయాల్సిన పనుల వరుస) మళ్లీ చదవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఛాతీ నొక్కడంలో (కంప్రెషన్లలో) లోతు 5–6 సెం.మీ., వేగం నిమిషానికి 100–120, ఇవి అందరికీ కంఠతా వచ్చు. దెబ్బతినేది మెత్తటి పరుపు మీద. చెయ్యి బాగానే దిగుతున్నట్టుంటుంది, దిగేదాంట్లో కొంత పరుపే. గాలి పరుపైతే గాలి తీసేయండి. మంచం ఎత్తుగా ఉంటే స్టూల్ ఎక్కండి, లేకపోతే మోచేతులు వంగి నిమిషంలోనే నీరసపడతారు. అలిసిన సంగతి నొక్కేవాళ్లకి తెలియదు: వేగం అలాగే ఉంటుంది, లోతు తగ్గుతుంది, పైకి వదలకుండా ఛాతీ మీదే వాలిపోతారు. "ఇంకా చేయగలను" అన్నా సరే, రెండు నిమిషాలకి మనిషిని మార్చాల్సిందే.

నన్నడిగితే జూనియర్లు ఎక్కువగా చెడగొట్టేది ఆంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) దగ్గరే. కంగారులో టపటపా నొక్కేస్తారు. పెద్దవాళ్ల బ్యాగ్‌లో సుమారు లీటరున్నర పడుతుంది. కావలసింది 500–600 మి.లీ., అంటే ఛాతీ కాస్త లేస్తే చాలు. అంతకు మించితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. మాస్క్‌తో అయితే గాలి పొట్టలోకి పోయి వాంతవుతుంది. మాస్క్‌తో 30 కంప్రెషన్లకి రెండు శ్వాసలు, శ్వాసనాళంలో ట్యూబ్ పడ్డాక 6 సెకన్లకి ఒక్కటి. మాస్క్ ఒక్క చేత్తో కుదరకపోతే ఒకరు రెండు చేతులతో దవడ ఎత్తి మాస్క్ అదిమి పట్టాలి, బ్యాగ్ ఇంకొకరు నొక్కాలి. ఆక్సిజన్ నిండే రిజర్వాయర్ సంచి ఉబ్బి ఉందో లేదో ఓ కన్నేయండి. ఆక్సిజన్ ఫ్లోమీటర్ తిప్పడం మర్చిపోయి ఉత్త గాలే ఇవ్వడం తరచూ జరిగేదే.

డీఫిబ్రిలేటర్ (గుండెకి షాక్ ఇచ్చే మెషీన్) ఛార్జ్ అవుతున్నంతసేపూ కంప్రెషన్లు ఆగకూడదు. షాక్ పడగానే పల్స్ వెతక్కుండా మళ్లీ నొక్కుడే. ఏ విరామమైనా 10 సెకన్లు దాటొద్దు. బటన్ నొక్కినా షాక్ పడలేదా? ముందు సింక్ (గుండె కొట్టుకునే లయతో కలిపి షాక్ ఇచ్చే మోడ్) చూడండి. అది ఆన్‌లో ఉంటే, వీఎఫ్‌లో (గుండె కొట్టుకోకుండా ఊరికే వణికే స్థితిలో) దొరకని ఆర్ వేవ్ (ఈసీజీలో ప్రతి కొట్టుకీ లేచే మొన) కోసం మెషీన్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. మానిటర్‌లో గీత సాపుగా కనిపిస్తే ఎసిస్టోలీ (గుండె పూర్తిగా నిలిచిపోవడం) అనేముందు లీడ్ (ఒంటికి అంటించే ఈసీజీ తీగ) ఊడిందేమో, గెయిన్ (గీత ఎత్తు సెట్టింగ్) తగ్గించి ఉందేమో, లీడ్లు పెట్టి సెలెక్టర్‌ని ప్యాడిల్స్ (షాక్ ఇచ్చే పిడులు) మీద వదిలేశారేమో చూడండి.

మందులు సులువే: అడ్రినలిన్ 1 మి.గ్రా. 3–5 నిమిషాలకోసారి, వెనకే 20 మి.లీ. సెలైన్, చెయ్యి పైకెత్తి. మూడో షాక్‌కీ వీఎఫ్ పోకపోతే అమియోడరోన్ 300 మి.గ్రా. టైమ్ రాయడానికి ఒకరిని కేటాయించకపోతే రెండో డోస్ ఎప్పుడో ఎవరికీ గుర్తుండదు.

ఇక ప్రాక్టీస్. నెలకోసారి, లోతు చూపించే మానికిన్ (శిక్షణ బొమ్మ) మీద, మెట్రోనోమ్ నిమిషానికి 110కి పెట్టుకుని రెండు నిమిషాలు నొక్కండి. ప్రతి డ్యూటీ మొదట్లో మీ వార్డు డీఫిబ్రిలేటర్‌నే ఆన్ చేసి, ప్యాడ్స్ కనెక్టర్ పట్టుకుని చూసి, ట్యూబ్ వేసేటప్పుడు గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలిగించి, ఎవరు నొక్కాలో ఎవరు బ్యాగ్ పట్టాలో నర్సుతో అప్పుడే అనుకోండి.