ఎక్స్‌ప్రెస్ పాసుకు డబ్బు కట్టి క్యూలో నిలబడ్డాం.. కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎరువుల దుకాణం నడుపుతాను. పదో తరగతిలో 10 జీపీఏ తెచ్చుకుంటే సింగపూర్ తీసుకెళ్తానని మా పాపకు మాటిచ్చాను. తెస్తుందన్న నమ్మకంతో 2024 ఫిబ్రవరిలోనే హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర బుక్ చేశాను. మా అమ్మ చిట్టీ ఎత్తిన డబ్బు కూడా అందులో ఉంది. వానాకాలం సీజన్ మొదలైతే షాపు వదిలి కదల్లేను కాబట్టి ఐదు రోజుల టూరే తీసుకున్నాం. నలుగురికి ప్యాకేజీ 4,00,000, ట్యాక్స్ అని ఇంకో 20,000 బ్యాంకు ద్వారా కట్టాను. యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో రోజంతా ఉంటారని వాట్సాప్‌లో ప్రోగ్రాం పంపాడు. క్యూలో టైం పోకుండా ఎక్స్‌ప్రెస్ పాసులకని మనిషికి 6,000 చొప్పున 24,000 నగదు తీసుకున్నాడు, రసీదు ఇవ్వలేదు. మే 13న ఓటు వేసి 14న బయల్దేరాం. ఎయిర్‌పోర్టులో ఇచ్చిన ప్రింటు కాగితంలో ‘హాఫ్ డే’ అని ఉంది, అప్పుడు చూసుకోలేదు. 18వ తేదీ శనివారం పొద్దంతా బస్సు చాక్లెట్ల షాపు, గిఫ్టుల షాపు దగ్గర ఆపారు. మధ్యాహ్నం రెండున్నరకు పార్కులోకి పంపి ఐదున్నరకు బస్సెక్కమన్నారు. పాసులు ఇవ్వలేదు. రెండే రైడ్లు ఎక్కాం. పాప బస్సులో ఒకటే ఏడుపు. తిరిగొచ్చాక ఏజెంటు ‘దసరా కాంగనే సెటిల్ చేస్తా సార్’ అంటూ తిప్పుకున్నాడు. మొన్న నవంబరులో 15,000 వోచర్ ఇస్తానని, కాగితం మీద సంతకం పెట్టమని ఫోన్ చేశాడు. చాట్ ఉన్న ఫోన్‌ను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను. మా తమ్ముడి దోస్తు ఆ ప్రింటు కాగితాన్ని కంప్యూటర్‌లో ‘ఫుల్ డే’ అని మార్చి ఇస్తానంటున్నాడు. ఏజెంటు మీద, పార్కు మీద 10 లక్షలకు కేసు వేయాలనుంది. నవంబరు నుంచి రెండేళ్లు టైం ఉంటుంది కదా వకీలు సాబ్?

జవాబు: పైన ఇచ్చింది కుదించిన ఉత్తరం. అసలు ఉత్తరం నాలుగు పేజీలు. పాప ఏడుపు, మీ అమ్మగారి చిట్టీ, చుట్టాల ముందు తల కొట్టేసినట్టయిన సంగతి మూడు పేజీలు రాశారు. డబ్బు ఎప్పుడు కట్టారు, ఏ కాగితం ఎప్పుడు చేతికొచ్చింది అన్నది ఐదు లైన్లలో ముగించారు. మీ కేసు ఆ ఐదు లైన్లలోనే ఉంది.

ముందుగా తేదీ. నవంబరు నుంచి రెండేళ్లన్న మాట మర్చిపోండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. కారణం పుట్టింది పార్కులో పాసులు ఇవ్వని రోజున, అంటే 2024 మే 18న. ఆ తర్వాత ఆయన దసరా అన్నా, సంక్రాంతి అన్నా, మీరు వంద ఫోన్లు చేసినా, రేపు నేను లీగల్ నోటీసు పంపినా ఆ గడియారం ఆగదు. నేను ఈ జవాబు రాస్తున్నది 2026 ఏప్రిల్ 20న. అంటే మీకు మిగిలింది నాలుగు వారాలే. పైగా ప్రోగ్రాం మార్చిన కాగితం మే 14నే మీ చేతికి వచ్చింది కనుక అక్కడి నుంచే లెక్కపెట్టాలని అవతలి వకీలు వాదిస్తాడు. ఆ గొడవకు తావివ్వకుండా మే 10 లోపే దాఖలు చేయండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్‌కు ఉంది, నిజమే. ‘ఇస్తానన్నాడని కూర్చున్నాం’ అన్న కారణం చూపి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు పాయింటు. మీరు డబ్బు కట్టిన రోజున మీ ముందున్న ప్రోగ్రాం ఏది? ఫిబ్రవరిలో వాట్సాప్‌లో వచ్చినది. దాన్ని చూసే కట్టారు, ఒప్పందం కుదిరింది దాని మీదే. మొత్తం సొమ్ము పుచ్చుకున్నాక, మూడు నెలలకు ఎయిర్‌పోర్టులో, పాస్‌పోర్టులూ సామానూ చేతుల్లో ఉన్నప్పుడు ఇచ్చిన కాగితంతో ఆయన తన మాటను సగానికి కోయలేడు. ‘ప్రోగ్రాం మార్పుకు లోబడి ఉంటుంది’ అన్న షరతు చూపిస్తాడు, చూపించనివ్వండి. వర్షం వచ్చి, పార్కు మూసి, విమానం ఆలస్యమై మారితే ఆ షరతు పనికొస్తుంది. తనకు కమీషన్ ముట్టజెప్పే షాపుల దగ్గర బస్సు ఆపుకోవడానికి పనికిరాదు.

అందుకే మీ తమ్ముడి దోస్తు మాట చదివి నాకు ఒళ్లు మండింది. ఆ ‘హాఫ్ డే’ కాగితం మీకు శత్రువనుకుంటున్నారా? ఫిబ్రవరి ప్రోగ్రాం పక్కన దాన్ని పెడితే, డబ్బు తీసుకున్నాక మాట మార్చాడని ఏజెంటు స్వయంగా రాసిచ్చినట్టే. మీ దగ్గరున్న గట్టి సాక్ష్యం అదే. దాన్ని దిద్దారనుకోండి, ఏజెంటు దగ్గర అసలు కాపీ ఉంటుంది, ఆ బస్సులో వచ్చిన మిగతా కుటుంబాల దగ్గరా ఉంటుంది. ఒక్క వాయిదాలో దొరికిపోతారు. కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణే. అందులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. 24,000 కోసం వెళ్లి ముద్దాయి అవుతారు. ఆ అబ్బాయి చేతికి ఆ కాగితం ఇవ్వొద్దు, ఇచ్చి ఉంటే ఇవాళే వెనక్కి తెచ్చుకోండి.

ఇక చీవాట్లు. రోజూ యూరియా బస్తాకు బిల్లు రాసే మనిషి, 24,000 నగదు ఇచ్చి చిన్న చీటీ కూడా అడగలేదా? చాట్ ఉన్న ఫోన్‌ను బ్యాకప్ తీయకుండా షాపువాడికి ఎలా ఇచ్చారు? సరే, జరిగిపోయింది. ఉన్నదాంతో కట్టుకొద్దాం.

మీ ఉత్తరం మూడో పేజీలో మీకు తెలియకుండానే ఒక మంచి మాట రాశారు. ఏజెంటు ‘మే బ్యాచ్’ పేరుతో వాట్సాప్ గ్రూపు పెట్టాడని, మీ ఆవిడ కూడా అందులో ఉన్నారని. అయితే ఫిబ్రవరి ప్రోగ్రాం, పాసుల గురించి ఆయన పెట్టిన మెసేజ్‌లు ఆమె ఫోన్‌లో ఉండాలి. ఇవాళే చూడండి. ఆ గ్రూపులోంచి బయటికి రావద్దు, ఏదీ డిలీట్ చేయొద్దు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి రెండు చోట్ల దాచండి. ‘పాసుల పైసలు అందినయ్ సార్’ అన్న ఒక్క వాయిస్ మెసేజ్ దొరికినా రసీదు లేని లోటు తీరుతుంది. ఈ ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు అది ఏ ఫోన్‌లోంచి ఎలా తీశారో ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోవు, అయినా జత చేస్తే మన సొమ్మేం పోదు. నగదు ఇచ్చిన రోజు బ్యాంకులో ఎంత డ్రా చేశారో స్టేట్‌మెంట్ తీయండి. డబ్బు తీసుకుని రసీదు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే. ఫిర్యాదులో దీన్ని విడిగా ఒక పేరాలో రాయండి.

‘ట్యాక్స్’ అని తీసుకున్న 20,000 సంగతి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాడు కొనేవాడి దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన టీసీఎస్ అది. మీ లెక్కకు అప్పట్లో 5 శాతం, సరిగ్గా 20,000. ఆదాయపు పన్ను సైటులో 2023-24 ఆర్థిక సంవత్సరపు ఫారం 26ఏఎస్, అంటే మీ పేరు మీద జమైన పన్నుల పట్టీ, తీయండి. అందులో ఏజెంటు పేరు, మీరు కట్టిన మొత్తం కనిపిస్తే, ‘టికెట్లు బుక్ చేసి పెట్టాను, అంతే’ అని తప్పించుకునే దారి మూసుకుపోతుంది. కనిపించకపోతే ఆ 20,000 ఏమైందో కమిషన్‌లో ఆయనే చెప్పుకోవాలి. కనిపించినా మీరు రిటర్నులో వాడుకోకపోతే, అది మీకూ మీ ఆడిటర్‌కూ మధ్య మాట.

ఫొటోల దగ్గర జాగ్రత్త. షాపుల దగ్గర, పార్కు గేటు దగ్గర తీసిన ఫొటోల టైం మీ కేసుకు ప్రాణం. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయినవి పనికిరావు, టైమూ చోటూ తెలిపే వివరాలు అందులో పోతాయి. తీసిన ఫోన్‌లోని అసలు ఫైళ్లు కావాలి. ఇంకొకటి, సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ సిమ్ వేయని ఫోన్ మన టైమే చూపిస్తూ ఉండొచ్చు. గేటు దగ్గరి ఫొటోలో మధ్యాహ్నం 12:00 అని ఉంటే అక్కడి లెక్కన 2:30. ఈ తేడా మీరు ముందే అఫిడవిట్‌లో రాయకపోతే, ‘పన్నెండుకే లోపలికి పంపాం, ఇదిగో వాళ్ల ఫొటోనే’ అని అవతలివాళ్లు ఆడుకుంటారు. మీతో వచ్చిన హాలియా కుటుంబం కూడా పాసులకు డబ్బిచ్చిందన్నారు. వాళ్ల అఫిడవిట్ ఒకటి తీసుకోండి. పది పేజీల వాదన కన్నా అది నయం.

పార్కును వదిలేయండి. ఎక్స్‌ప్రెస్ పాస్ ప్రవేశ టికెట్‌లో భాగం కాదు, విడిగా అమ్మేది. పార్కు మీకు అమ్మలేదు, మీరు కొనలేదు. శనివారం క్యూ పొడుగ్గా ఉండటం ఎవరి తప్పూ కాదు. 10 లక్షల మాటా వదిలేయండి. టూరంతా నాశనమైందని రాస్తే, నైట్ సఫారీలో నవ్వుతూ దిగిన మీ స్టేటస్ ఫొటోలు ప్రింటు తీసుకొచ్చి ముందు పెడతారు. మీరు డబ్బు పెట్టి కొన్నది ఒక రోజు టైం, దానిలో సగం రాలేదు. అంతే అడగండి: 24,000 వడ్డీతో వాపసు, పోయిన సగం రోజుకు తగిన మొత్తం, మనోవేదనకు నమ్మదగినంత పరిహారం, ఖర్చులు.

ఏజెంటు హైదరాబాద్‌లో ఉన్నాడని, కాగితం మీద ‘హైదరాబాద్ కోర్టులే’ అని అచ్చేశాడని భయపడక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే వేయొచ్చని అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 34 చెబుతోంది, కాబట్టి నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేయండి. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయొచ్చు, వకీలు తప్పనిసరి కాదు. నోటీసు ఇవ్వకపోయినా కేసు నిలుస్తుంది. ఇవ్వాలనుకుంటే రేపే స్పీడ్ పోస్టులో పంపి వారం గడువివ్వండి, జవాబు కోసం ఫిర్యాదును ఆపొద్దు. కేసు నోటీసు అందాక ఏజెంటుకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, మరీ అయితే ఇంకో 15. అంతకు మించి ఇవ్వడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఆ 15,000 వోచర్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అన్న మూడు మాటలు అందులో ఎక్కడో ఒక మూల ఉంటాయి. సెటిల్మెంటుకు రమ్మంటే, కేసు నంబరు పడ్డాక కమిషన్ ముందే మాట్లాడుకుందామని చెప్పండి. ఎంత ఇస్తాడో అప్పుడు చూద్దాం.