‘కల్లోల కాలమానం’ అనవచ్చా?

సందేహం: వాతావరణశాస్త్ర వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. నేలను ఆనుకుని ఉండే గాలిపొరలోని టర్బులెన్స్ టైమ్ స్కేల్స్‌ను ‘కల్లోల కాలమానం’ అని రాశాను. మిత్రులు తప్పంటున్నారు. ఏమంటారు?

సమాధానం: ‘కల్లోలం’ ఉంచుకోండి. సంస్కృతంలో పెద్ద అల అనే అర్థమున్న ఆ మాట తెలుగులో కలవరంగా స్థిరపడింది. గాలి ఒక తీరున సాగక సుడులు తిరగడానికి అది బాగానే నప్పుతుంది. విమానవార్తల్లో కనిపించే ‘కుదుపులు’ ప్రయాణికుడికి తెలిసే ఫలితం, గాలి స్థితి కాదు.

చిక్కంతా ‘కాలమానం’తోనే. ‘భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటలకు’ అంటాం. చాంద్రమానం, సౌరమానం అంటాం. అది కాలాన్ని లెక్కగట్టే పద్ధతి. మీకు కావలసింది ఒక సుడి పుట్టి, తిరిగి, చెదిరిపోవడానికి పట్టే సమయం. ‘వ్యవధి’ చాలు. ‘కాలపరిమితి’ జోలికి మాత్రం పోకండి, గాలికి గడువు పెట్టినట్టుంటుంది!

ఏకవచనమూ కుదరదు. ఎండ కాసే మధ్యాహ్నం నేలవేడికి లేచే పెద్ద సుడులు కిలోమీటరు, ఒక్కోసారి రెండు కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. వాటిలో గాలి సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగంతో లేస్తుంది కనుక ఆ పొర దాటడానికి సుమారు 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఆ సుడులు చీలి చిన్నవై, అవి మరీ చిన్నవై, చివరికి మిల్లీమీటర్లలోకి దిగుతాయి. ఆ చివరి సుడుల ఆయుష్షు సెకనులో చిన్న భాగం. ఇన్ని రకాల సమయాలు ఒకే గాలిలో ఉన్నప్పుడు ‘కల్లోల వ్యవధులు’ అనాల్సిందే. రాత్రి నేల చల్లబడ్డాక కథ వేరు: పొర వంద, రెండు వందల మీటర్లకు కుంగుతుంది, కల్లోలం ఉండుండి రేగి అణగిపోతుంది.

నేలను ఆనుకున్న ఈ గాలిపొరను (బౌండరీ లేయర్) ‘సరిహద్దు పొర’ అనే వాడుక ఉంది, మార్చనక్కర్లేదు. మొదటిసారి రాసేటప్పుడు ‘నేలనంటిన’ అని చేర్చండి. లేకుంటే చదివేవాళ్లు ఆకాశం చివరి అంచు అనుకుంటారు.

మీరు అడగనిది ఒకటి. ఇలాంటి వ్యాసాల్లో ‘సగటు వ్యవధి’ అనే మాట తప్పక తగులుతుంది. తుఫాను గాలివేగాన్ని మన వాతావరణ శాఖ 3 నిమిషాల సగటుగా చెబుతుంది, అమెరికా 1 నిమిషం సగటుగా. సగటు తీసే సమయం తగ్గేకొద్దీ ఈదురుగాలి విసురు ఎక్కువగా కనిపిస్తుంది కనుక ఒకే తుఫానుకు రెండు అంకెలు వస్తాయి. ఇక్కడ ‘సగటు వ్యవధి’ అని రాస్తే వ్యవధులన్నిటి సగటు అని అర్థమొస్తుంది. ‘సగటు తీసే వ్యవధి’ అని విప్పి రాయండి. ఒక మాట ఎక్కువైనా నష్టం లేదు.