కార్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుంది?

యాక్సిలరేటర్ తొక్కితే ఎంత పెట్రోల్ పోయాలో ఇంజిన్‌కి ఎలా తెలుస్తుంది అని కదా ప్రశ్న. అసలు పెడల్ తొక్కినప్పుడు మనం లోపలికి వదిలేది పెట్రోల్ కాదు, గాలి. థ్రాటిల్ (గాలి దారిలో ఉండే మూత) తెరుచుకుంటుంది, ఎంత గాలి వెళ్తుందో సెన్సర్ కొలిచి ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) చెప్తుంది, దానికి సరిపడా పెట్రోల్ ఎంతో అది లెక్కేసుకుంటుంది. పూర్తిగా మండాలంటే 1 గ్రాము పెట్రోల్‌కి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి.

ట్యాంకులో ఉండే పంపు పెట్రోల్‌ని మామూలుగా 3, 4 బార్ల ప్రెషర్‌తో ఇంజెక్టర్ల దాకా తోస్తుంది (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్లో అయితే ఇంకో పంపు ఉంటుంది, ప్రెషర్ చాలా ఎక్కువ). ఇంజెక్టర్ అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్, కాయిల్‌కి కరెంట్ రాగానే లోపలి సూది లేస్తుంది, పెట్రోల్ సన్నటి తుంపరలా పడుతుంది, కరెంట్ ఆగగానే స్ప్రింగ్ మూసేస్తుంది. కాబట్టి ఎంత పడాలన్నది ఎంతసేపు తెరిచుంచారు అన్నదాని మీదే ఉంటుంది, అదీ కొన్ని మిల్లీసెకన్లే!

నాకు బాగా నచ్చేది ఆ తర్వాత జరిగేది. పొగ వెళ్లే దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, అక్కడ ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే పెట్రోల్ చాలలేదని ఈసీయూ కాస్త పెంచుతుంది, మిగలకపోతే తగ్గిస్తుంది, బండి నడుస్తున్నంతసేపూ ఇదే పని. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఆ సెన్సర్ వేడెక్కేదాకా ఈసీయూ దాన్ని పట్టించుకోదు, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ చూసి కొంచెం ఎక్కువే పోస్తుంది. అందుకే ఆ టెంపరేచర్ సెన్సర్ పాడై ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉందని చెప్తుంటే మైలేజీ పడిపోతుంది.