అభిమానంతో గీసిన బొమ్మను అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. డిగ్రీ చదువుతున్నాను. ఒక యానిమేషన్ సిరీస్‌లో కలిసి ఊళ్లు తిరిగే అమ్మాయి, ముసలి రోబో అంటే నాకు ప్రాణం. కథలో లేని సన్నివేశాలు ఊహించుకుని, వాళ్ల స్నేహాన్ని చేర్యాల నకాషీ (పటాల మీద కథలు గీసే సంప్రదాయ చిత్రకళ) పద్ధతిలో ఎర్రటి నేపథ్యం మీద గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను. వాటిని టీషర్టుల మీద వేసి అమ్మమని కొందరు అడుగుతున్నారు. జైలుకు పోతావని అన్నయ్య భయపెడుతున్నాడు. 'కాపీరైట్ ఉల్లంఘన ఉద్దేశం లేదు' అని కింద రాస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, గీయడం మాత్రం మానకండి. మీరు ఆగవలసింది అమ్మకం దగ్గర.

స్నేహం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఆలోచనకు, ఇతివృత్తానికి రక్షణ ఉండదని, వాటిని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. ఒక పిల్లకూ ఒక యంత్రానికీ మధ్య ఆప్యాయతను ఎవరైనా గీయవచ్చు. కానీ ఆ పిల్ల ముఖం, దుస్తులు, ఆ రోబో ఆకారం వేరొకరి సృష్టి. నాగరాజ్ అనే కామిక్ పాత్రను పోలిన రూపానికి నాగేశ్ అని పేరు పెట్టి మరొకరు పుస్తకాలు వేస్తే, 1997లో ఢిల్లీ హైకోర్టు ఆపించింది. నకాషీ గీతలోని నేర్పు మీదే. చూడగానే ఫలానా పాత్రలని గుర్తుపట్టేలా ఉంటే పద్ధతి మారినంత మాత్రాన హక్కుదారు అనుమతి అవసరం తీరదు.

1957 నాటి కాపీరైట్ చట్టంలో ఫ్యాన్ ఆర్ట్ అనే మాట లేదు. సెక్షన్ 52 సొంత ఉపయోగానికి, విమర్శకు, సమీక్షకు న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. మీ స్కెచ్ పుస్తకంలోని బొమ్మలకు ఆ నీడ ఉంది. అందరూ చూసేలా పెట్టినవి సొంత ఉపయోగమని గట్టిగా వాదించలేం. అభిమానుల బొమ్మలను చాలా కంపెనీలు చూసీచూడనట్టు వదిలేస్తాయి గానీ అది వాటి ఇష్టం, మీ హక్కు కాదు. కింద రాసే ఆ వాక్యానికి రక్షణ కవచం విలువ లేదు. పైగా హక్కు వేరొకరిదని మీకు తెలుసుననడానికి అదే సాక్ష్యంగా మారవచ్చు.

అన్నయ్య భయం ఉత్తది కాదు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. వ్యాపార లాభం కోసం చేయని సందర్భంలో, కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. టీషర్టులు అమ్మిన రోజున ఆ వెసులుబాటు పోతుంది. సివిల్ దావా అయితే కంపెనీ తన కార్యాలయం ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చు. వాయిదాలకు మీరే అంత దూరం తిరగాలి.

మీరు అడగని విషయం ఒకటుంది. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో తయారైన వాటికే ఆ పేరు వాడాలి. మిషన్ మీద అచ్చేసిన టీషర్టును 'చేర్యాల పెయింటింగ్' అని అమ్మితే అది మరో తగాదా. ఆ పేరు మీద బతికే నకాషీ కుటుంబాలకు అన్యాయం కూడా.

నిజంగా అమ్మాలనుకుంటే హక్కుదారుకు బొమ్మలు జతచేసి రాయండి. అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఏ వస్తువుల మీద, ఎన్నాళ్లు, ఎంత రాయల్టీ అన్నది అందులో రాయించుకోండి. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. వాళ్లు ఒప్పుకోకపోతే మీ సొంత జంటను సృష్టించండి. అప్పుడు ఆ ముఖాల మీద హక్కు మీదే, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఇన్నాళ్లు వాళ్ల స్నేహాన్ని గీసిన చేతికి అది కష్టం కాదని నా నమ్మకం.

ఈలోగా నోటీసు వస్తే చించి పారేయకండి, కోపంతో జవాబూ రాయకండి. ఆ బొమ్మలను తొలగించి, నోటీసు తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.