ట్రాయ్ యుద్ధం నిజంగా జరిగిందా? ఆ దిబ్బ ఎక్కి చూశాక నాకు తోచిన జవాబు

"ఇలియడ్‌లో చెప్పిన ట్రాయ్ యుద్ధం నిజంగా జరిగిందా, లేక మొత్తం హోమర్ కల్పనేనా?" అని అడిగారు. ఇలియడ్ అంటే ఆ యుద్ధం మీద హోమర్ పేరుతో ఉన్న పాత గ్రీకు కావ్యం. ముందు నా జవాబు చెప్పేస్తాను. ట్రాయ్ అనే ఊరు నిజం. అది ఒకటికి రెండుసార్లు కూలింది, కనీసం ఒకసారి మంటల్లో కాలింది. ఆ ఊరి విషయంలో గ్రీకులకూ, అనటోలియాను (ఇప్పటి టర్కీని) ఏలిన హిట్టైట్ రాజుకూ పేచీ వచ్చినట్టు ఆ కాలపు మట్టిపలక మీదే రాసి ఉంది. కథలో ట్రాయ్ యువరాజు పారిస్ ఎత్తుకొచ్చిన గ్రీకు రాణి హెలెన్‌కీ, గ్రీకు వీరుడు అకిలీస్‌కీ, పదేళ్ల ముట్టడికీ మాత్రం ఇంతవరకు ఏ ఆధారమూ దొరకలేదు.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. మాది బొబ్బిలి దగ్గర పల్లె. చిన్నప్పుడు మా తాతయ్య ఒళ్లో కూర్చుని బొబ్బిలి యుద్ధం బుర్రకథ వింటూ పెరిగాను. ఇప్పుడు బెర్లిన్‌లో ఉద్యోగం. ఇలియడ్ అనువాదం ఒకటి చదివాక మీకొచ్చిన ప్రశ్నే నాకూ వచ్చింది. అది వదల్లేదు. మూడేళ్ల కిందట సెలవు పెట్టి టర్కీ వెళ్లి ఆ చోటు చూసొచ్చాను.

చనక్కలే అనే రేవు పట్నం నుంచి మినీబస్సులో సుమారు 30 కిలోమీటర్లు. ఆ దిబ్బ పేరు హిసార్లిక్. దగ్గర్లో పెద్ద చెక్క గుర్రం నిలబెట్టారు, అందరూ ఫొటోలు దిగేది అక్కడే. నిజానికి ఇలియడ్‌లో, గ్రీకు సైనికులు లోపల దాక్కుని ఊళ్లోకి దూరిన ఆ గుర్రం కథ లేదు. ఇలియడ్‌లో జరిగేదంతా యుద్ధం పదో ఏట కొన్ని వారాల్లో జరిగేదే, అది ట్రాయ్ యువరాజు హెక్టర్ అంత్యక్రియలతో ఆగిపోతుంది. గుర్రం సంగతి హోమర్ రెండో కావ్యం ఒడిస్సీలో వస్తుంది.

కోట లోపలికి వెళ్లగానే నాకు మనసు చివుక్కుమంది. ఇంతేనా అనిపించింది. ఈ చివర నుంచి ఆ చివరికి రెండు వందల మీటర్లు ఉంటుందేమో. ఇక్కడ పదేళ్లు యుద్ధమా? తర్వాత తెలిసింది, 1988లో మొదలైన తవ్వకాల్లో మన్‌ఫ్రెడ్ కోర్ఫ్‌మన్ బృందం కోట కింద పెద్ద దిగువ ఊరు, దాని చుట్టూ రాతిలో తొలిచిన కందకం ఉన్నట్టు చూపించారని. ఆ ఊరు ఎంత పెద్దదన్న దాని మీద జర్మనీ పండితులు చాలా తీవ్రంగానే వాదించుకున్నారు.

చిన్నదైనా, అక్కడ నిలబడితే కొన్ని సంగతులు పుస్తకంలో కంటే బాగా అర్థమవుతాయి. మొదటిది గాలి. టోపీ నెత్తిమీద నిలవలేదు. హోమర్ ఈ ఊరిని "గాలి వీచే ఇలియోస్" అంటాడు. రెండోది గోడ. ట్రాయ్ ఆరో పొర (ఒకదాని మీద ఒకటి కట్టిన ఊళ్లలో కింది నుంచి ఆరోది) నాటి ప్రాకారం నిట్టనిలువుగా ఉండదు, కింద నుంచి పైకి వాలుగా లేస్తుంది. ఇలియడ్‌లో గ్రీకు వీరుడు పాట్రొక్లస్ మూడుసార్లు ఆ గోడ మలుపు మీదికి ఎగబాకుతాడు. ఆ వాలు కళ్లారా చూశాక అది నమ్మదగ్గ మాటే అనిపించింది. ఇంకోచోట ఆండ్రొమాకి తన భర్త హెక్టర్‌తో, అత్తి చెట్టు దగ్గర గోడ ఎక్కడానికి తేలిగ్గా ఉంది, అక్కడ సైన్యాన్ని పెట్టమంటుంది. 1893-94లో అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త డోర్ప్‌ఫెల్డ్‌కు పడమటి వైపు ఒక ముక్క మిగతా ప్రాకారంలా మళ్లీ కట్టకుండా పాత బలహీనమైన గోడగానే ఉండిపోయినట్టు కనిపించింది.

అక్కడి నుంచి చూస్తే ఇప్పుడు సముద్రం దూరంగా ఉంటుంది, మధ్యలో అంతా పొలాలే. కంచు యుగంలో, అంటే ఆ యుద్ధం జరిగిందనుకునే కాలంలో మాత్రం ఆ దిబ్బకు చేరువ దాకా సముద్రపు పాయ ఉండేది. హోమర్ స్కమాండర్ అని పిలిచిన ఏరు, దాని తోడు ఏరు తెచ్చిన ఒండ్రుమట్టితో అది పూడిపోయింది. నల్ల సముద్రం వైపు వెళ్లే ఓడలు ఎదురుగాలి తగ్గేదాకా ఆగాల్సిన చోటు అది. అలాంటి చోట ఉన్న ఊరు డబ్బున్న ఊరవుతుంది, పదిమంది కన్నూ దాని మీద పడుతుంది. అందుకని దాడికి హెలెన్ లాంటి కారణం వెతుక్కోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక తవ్వకాల సంగతి. ఆ దిబ్బ ఒక ఊరు కాదు, ఒకదాని మీద ఒకటి కట్టిన తొమ్మిది ఊళ్లు. ట్రాయ్ ఇదేనని ముందే నమ్మి, అక్కడ కొంత భూమి కూడా కొన్నవాడు ఫ్రాంక్ కాల్వర్ట్. పేరు మాత్రం హైన్రిక్ ష్లీమన్‌కు వచ్చింది. ఆయన 1870లలో కొండకు అడ్డంగా పెద్ద కందకం తవ్వించి, పై పొరలను చెత్తగా తీసి పారేయించాడు. 1873లో బంగారం దొరికితే "ప్రియామ్ నిధి" (ప్రియామ్ అంటే కథలో ట్రాయ్ రాజు) అని ప్రకటించి, రహస్యంగా దేశం దాటించాడు. అది రెండో పొరలోది, అంటే దాదాపు క్రీ.పూ. 2400 నాటిది. ట్రాయ్ యుద్ధం జరిగి ఉంటే, దానికి వెయ్యేళ్లకు పైగా ముందుది! అసలు నగలు 1945లో సోవియట్ సైన్యంతో మాస్కో వెళ్లాయి. బెర్లిన్‌లో నేను చూసింది నకళ్లే. ఆయన తొందరలో ఎంత పోయిందో ఆ కందకం అంచున నిలబడితే తెలుస్తుంది. ఇప్పటికీ నాకు దాని మీద కోపం తగ్గలేదు.

యుద్ధం కాలానికి సరిపోయేవి రెండు పొరలు. ఆరోది మంచి గోడలున్న ఊరు, క్రీ.పూ. 1300 ప్రాంతంలో కూలింది. దానికి కారణం భూకంపం కావచ్చంటారు. దాని మీద కట్టిన 7ఎ పొర క్రీ.పూ. 1180 ప్రాంతంలో కాలిపోయింది. 1930లలో కార్ల్ బ్లేగన్ తవ్వినప్పుడు ఆ పొరలో ఇరుకిరుకుగా కట్టిన ఇళ్లు, నేలలో పాతిపెట్టిన పెద్ద కాగులు, వీధిలో మనుషుల ఎముకలు కనిపించాయి. తిండిగింజలు దాచుకుని, కోటలో తలదాచుకున్న జనం గుర్తులు అవి అని ఆయన అనుకున్నాడు.

నన్ను అన్నింటికంటే కదిలించింది హిట్టైట్ల రాతలు. వాళ్ల రాజధాని హత్తూసాలో వేల మట్టిపలకలు దొరికాయి. వాటిలో విలుసా అనే రాజ్యం పేరుంది. గ్రీకులో ఇలియోస్ అన్న పేరు ముందు "వ" శబ్దం ఉండి, తర్వాత పడిపోయింది. పద్యంలో అక్షరం ఒకటి ఎగిరిపోతే గణం తప్పుతుంది కదా, హోమర్ పాదాల్లో కూడా ఆ "వ" పెట్టుకుంటేనే నడక సరిగ్గా కుదిరే చోట్లు ఉన్నాయి. విలియోస్, విలుసా. క్రీ.పూ. 1280 ప్రాంతంలో హిట్టైట్ రాజు మువతల్లి ఒప్పందం చేసుకున్న విలుసా రాజు పేరు అలక్సందు. హెలెన్‌ను ఎత్తుకొచ్చిన పారిస్‌కు ఇలియడ్‌లో ఉన్న రెండో పేరు అలెగ్జాండ్రోస్. ఇద్దరూ ఒకరే అని నేననను, కానీ ఆ పేరు అక్కడ ఉండటం చిన్న విషయం కాదు. ఆ తర్వాతి ఇంకో హిట్టైట్ రాజు, అహ్హియవా రాజును "సోదరా" అని పిలుస్తూ రాసిన ఉత్తరంలో, విలుసా విషయంలో మన మధ్య వైరం వచ్చింది, ఇప్పుడు సర్దుకున్నాం అన్న భావం ఉంది. అహ్హియవా అంటే హోమర్ చెప్పే అఖాయన్‌లే, అంటే గ్రీకులే అని ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటున్నారు.

ఇన్ని ఉన్నా ఇలియడ్‌ను చరిత్ర పుస్తకంలా చదవకూడదనడానికి కారణం, ఆ కావ్యం ఏం మరిచిపోయిందో చూస్తే తెలుస్తుంది. ఆ రోజుల్లో అనటోలియాలో అతి పెద్ద శక్తి హిట్టైట్ సామ్రాజ్యం. యుద్ధం జరిగేది దాని గుమ్మంలో. అయినా హోమర్ కథలో అది ఎక్కడా లేదు. 1952లో మైకేల్ వెంట్రిస్ చదివి చూపించిన లీనియర్ బి (ఆ కాలపు గ్రీకు లిపి) పలకల్లో గొర్రెల లెక్కలు, నూనె లెక్కలు రాసుకునే గుమాస్తాల రాజ్యాలు కనిపిస్తాయి. హోమర్‌కు ఆ గుమాస్తాల ఊసే తెలియదు. అన్నట్టు ఆ పలకల్లో అకిలీస్, హెక్టర్ అనే పేర్లు ఉన్నాయి, మామూలు మనుషుల పేర్లుగా.

అదే కావ్యం ఒక శిరస్త్రాణాన్ని మరిచిపోలేదు. పదో సర్గలో ఒడిస్సియస్ పెట్టుకునేది అడవిపంది కోరలు వరసగా కుట్టిన టోపీ, లోపల తోలు పట్టీలు. హోమర్ నాటికి, అంటే క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతానికి, అది వాడకంలో లేక కొన్ని వందల ఏళ్లయింది. ఏథెన్స్ మ్యూజియంలో అలాంటిదే ఒకటి అద్దాల వెనక చూసి అక్కడే చాలాసేపు ఉండిపోయాను. సామ్రాజ్యాన్ని వదిలేసిన పాట టోపీని మాత్రం చేతులు మార్చుకుంటూ మోసుకొచ్చింది.

ఇదెలా సాధ్యమో నాకు బుర్రకథ వల్లే అర్థమైంది. మా ఊళ్లో ఒకే కథకుడు ఒక ఏడు చెప్పిన సైన్యం లెక్క మరుసటి ఏడు ఉండేది కాదు. జనం ఉత్సాహాన్ని బట్టి కథ రెండు గంటల్లో ముగిసేది, లేదా తెల్లవారేది. అయినా పాపారాయుడు గుర్రమెక్కే చోట అవే మాటలు, అదే దరువు. 1933-35లో మిల్మన్ పారీ యుగోస్లావియా పల్లెల్లో తిరిగి గాయకుల పాటలు రికార్డు చేసి, హోమర్ కావ్యాలు కూడా ఇలా కట్టుడు మాటలతో అప్పటికప్పుడు అల్లుకునే సంప్రదాయం నుంచి వచ్చినవేనని చూపించాడు. "వడిగల పాదాల అకిలీస్" పడుకుని ఉన్నా వడిగల పాదాల వాడే అవుతాడు, పాదం నిండాలి కాబట్టి. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. దానికి రాతపూర్వక ఆధారాలున్నాయి కాబట్టి పాటను పక్కన పెట్టి పోల్చుకోగలం. ట్రాయ్‌కూ హోమర్‌కూ మధ్య 400 ఏళ్లు, గ్రీకులకు మధ్యలో రాతే పోయింది. ఇలియడ్‌లోనే గ్రీకు వీరుడు హెరాక్లిస్ అంతకుముందే ఆరు ఓడలతో వచ్చి ట్రాయ్‌ను దోచుకున్నాడన్న మాట ఉంది. బహుశా అలాంటి చాలా దాడులు, చాలా మంటలు కలిసి ఒక్క మహాయుద్ధమయ్యాయి.

ఇంకొక్క సంగతి. బొబ్బిలి కథ ఓడిపోయినవాళ్ల పాట. ట్రాయ్ కథ మనకు గెలిచినవాళ్ల వైపు నుంచే వచ్చింది. హత్తూసాలో దొరికిన ఒక పూజా విధానం పలకలో, అనటోలియాలో మాట్లాడిన లువియన్ భాషలో ఒక పాట పాదం ఉంది: "నిటారైన విలుసా నుంచి వాళ్లు వచ్చినప్పుడు." హోమర్ కూడా ఇలియోస్‌ను నిటారైనది అనే అంటాడు. ఆ పాట ట్రాయ్ వాళ్లు పాడుకున్నదే కావచ్చని కొందరు పండితులు అనుకున్నారు. మిగిలింది ఆ ఒక్క పాదమే.