వేడెక్కాక మొరాయించే సెల్ఫ్: మోటారు మార్చే ముందు ఎర్తు చూడండి

మీ ప్రశ్నలోని విషయం క్లుప్తంగా ఇది: రాయగడలో మీ దగ్గర ఇరవై ఏళ్ళు దాటిన డీజిల్ జీపు ఉంది. ఉదయం ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. సంతకు వెళ్ళి కాసేపు ఆపి మళ్ళీ తాళం తిప్పితే మాత్రం ఒక్కోసారి ‘టక్’ అని ఊరుకుంటుంది. ఇంకాసేపు ఆగితే ఏమీ జరగనట్టే స్టార్టవుతుంది. కొత్త బ్యాటరీ వేయించినా మార్పు లేదు. ఇప్పుడు మేస్త్రి సెల్ఫ్ మోటారు మొత్తం మార్చమంటున్నాడు. మార్చాలా వద్దా అని అడిగారు. ఇప్పుడే మార్చవద్దు అన్నది నా సమాధానం. ముందు బ్యాటరీ నెగటివ్‌ను ఇంజినుకూ ఛాసీకీ (బండి చట్రానికి) కలిపే ఎర్తు తీగను, ఆ తరువాత సాలినాయిడ్‌కు, అంటే తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చికి, వచ్చే సన్నతీగను పరీక్షించండి.

నేను ఒడిశాలోనే, కొరాపుట్ జిల్లా జైపూర్‌లో ఉంటాను. మా నాన్నగారి కాలం నాటి జీపుకు సరిగ్గా ఇదే జబ్బు ఉండేది. కొరాపుట్‌కు ఘాట్ ఎక్కి, ఇంజిను బాగా వేడి మీద ఉండగా టీ కోసం ఆపితే, తిరిగి బయలుదేరే వేళకు అది మొండికేసేది. షెడ్డుకు తీసుకువెళ్ళేసరికి మాత్రం పిలిస్తే పలికినట్టు స్టార్టయ్యేది. ఉండి ఉండి వచ్చే లోపాలతో ఉన్న అసలు చిక్కు ఇదే. బాగున్న సమయంలో ఎంత విప్పి చూసినా ఏమీ కనిపించదు కాబట్టి మేస్త్రి అనుమానం ఉన్న సామాను ఒక్కొక్కటిగా మారుస్తాడు. అందులో అతని తప్పు కూడా లేదు. కొలవవలసింది మొరాయించిన ఆ రెండు నిమిషాలలోనే, ఆ సమయంలో బండి పక్కన ఉండేది మీరే. అందుకని మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, బ్యాటరీ నుంచి బ్యాటరీకి కలిపే లావుపాటి జంపర్ కేబుల్ ఒకటి ఇకనుంచి బండిలోనే ఉంచండి.

మొరాయించినప్పుడు ముందుగా గమనించవలసింది శబ్దం. తాళం తిప్పినా ఏ చప్పుడూ రాకపోవడం ఒక లక్షణం. గట్టిగా ఒకే ఒక్క ‘టక్’ వచ్చి మోటారు తిరగకపోవడం మరొకటి. ‘టకటకటక’ అని వరుసగా కొట్టుకోవడం ఇంకొకటి. మోటారు చక్కగా తిరుగుతున్నా ఇంజిను అందుకోకపోవడం వీటికి సంబంధం లేని వేరే జబ్బు. వరుసగా కొట్టుకుంటుంటే సాధారణంగా బ్యాటరీలో చార్జి లేదని గానీ, దాని టెర్మినల్ వదులుగా ఉందని గానీ అర్థం. మీరు చెప్పినది ఒకే ‘టక్’ కాబట్టి సాలినాయిడ్ కదులుతోంది, మోటారుకు చాలినంత కరెంటు మాత్రం అందడం లేదు.

హెడ్‌లైట్లు బాగా వెలుగుతున్నాయి కాబట్టి తీగలన్నీ సవ్యంగానే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. ఇక్కడ చిన్న లెక్క ఒకటి చూడాలి. తుప్పు పట్టిన ఒక బోల్టు కింద నిరోధం ఓమ్‌లో నూరో వంతు, అంటే 0.01 ఓమ్, ఉందనుకుందాం. రెండు హెడ్‌లైట్లు కలిసి తీసుకునేది సుమారు 10 ఆంపియర్లు, కాబట్టి ఆ కరెంటు దాని గుండా వెళ్ళినా అక్కడ పోయేది 0.1 వోల్టు మాత్రమే, కంటికి తెలియదు. అదే బోల్టు గుండా డీజిల్ ఇంజినును తిప్పే మోటారు 300 ఆంపియర్లు లాగబోతే 3 వోల్టులు అక్కడే పోతాయి, మోటారుకు మిగిలేది దాన్ని తిప్పడానికి చాలదు. మీటరును ఓమ్‌ల మీద పెట్టి ‘బీప్’ వస్తోంది కాబట్టి తీగ బాగుందని చెప్పడం కూడా ఇందుకే పనికిరాదు. మీటరు వైర్ల సొంత నిరోధమే ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి కరెంటు పారుతుండగా వోల్టేజి ఎక్కడ పడిపోతోందో కొలవడమే మార్గం.

బండి మొరాయించగానే గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫ్యాను బెల్టు దగ్గర బట్టలూ వైర్లూ లేకుండా చూసుకుని, తాళం తిప్పి పట్టుకోవడానికి ఒకరిని లోపల కూర్చోబెట్టండి. మొదట బ్యాటరీ రెండు కొనల మధ్య కొలవండి. ఇంజిను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపుతుంది, 12.2 చూపితే సగమే ఉందని అర్థం. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు అది 9.6 కంటే కిందికి జారితే అనుమానం బ్యాటరీ మీదికి గానీ, బిగుసుకుపోయిన మోటారు మీదికి గానీ వెళ్ళాలి. అలా కాకుండా ‘టక్’ వచ్చిన తరువాత కూడా పన్నెండుకు దగ్గరగానే నిలిచి ఉంటే బ్యాటరీని వదిలేయండి. దాని దగ్గర కరెంటు ఉంది, బయటికి వెళ్ళే దారే మూసుకుపోయింది.

తరువాత మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొనను ఇంజిను బ్లాకు మీద రంగు లేని ఇనుముకు ఆనించి, మళ్ళీ తాళం తిప్పించండి. ఆనించేటప్పుడు క్లాంపు మీద కాకుండా సీసపు కొన మీదే ఆనించాలి, లేకపోతే క్లాంపుకూ కొనకూ మధ్య ఉన్న లోపం లెక్కలోకి రాదు. ఇక్కడ 0.2 లేదా 0.3 వోల్టుకు మించి కనిపించకూడదు. మా జీపులో రెండు వోల్టులకు దగ్గరగా కనిపించింది. అలాగే బ్యాటరీ పాజిటివ్ కొనకూ సెల్ఫ్ మోటారు మీది లావు తీగ బిగించిన బోల్టుకూ మధ్య కొలిస్తే అర వోల్టు దాటకూడదు.

మీటరు వాడడం ఇబ్బందిగా ఉంటే ఇంకా తేలికైన పరీక్ష ఉంది. మొరాయించిన సమయంలోనే జంపర్ కేబుల్ ఒక చివరను బ్యాటరీ నెగటివ్‌కు, రెండో చివరను బ్యాటరీకి దూరంగా ఇంజిను మీద గట్టి ఇనుముకు తగిలించి తాళం తిప్పండి. మోటారు వెంటనే గిర్రున తిరిగిందంటే దోషం ఎర్తుదేనని తేలిపోయినట్టే. మా మేస్త్రి ఒకరు దీనికీ ముందే చెప్పిన గుర్తు ఒకటుంది. సెల్ఫ్ కొట్టిన తరువాత యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. ఇంజినుకు సరైన ఎర్తు దారి లేనప్పుడు కరెంటు దొరికిన ఇనుమును పట్టుకుని పోతుంది, ఆ సన్నని కేబుల్ దానికి దారి అయింది.

మా జీపులో ఇంజినునూ ఛాసీనీ కలిపే అల్లిన రాగి పట్టీని విప్పి చూస్తే పైనుంచి బోల్టు బిగుతుగా, పట్టీ శుభ్రంగానే ఉన్నాయి. పట్టీ చివర బోల్టు దూరే లోహపు ముక్క, అంటే లగ్గు, అడుగు భాగం మాత్రం పచ్చగా చిలుము పట్టి ఉంది. అది ఆనే ఛాసీ చోట ఎప్పుడో వేసిన నల్లరంగు, దాని మీద మన ఎర్రమట్టి రోడ్ల బురద ఎండి పెచ్చు కట్టి ఉన్నాయి. రెండు ముఖాలనూ ఎమరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ వేసి, పళ్ళ వాషరుతో బిగించి, ఆ తరువాత పైన వాజిలీన్ పూశాము. ఇక్కడ కురిసే వానలకు అడుగు భాగాన ఉండే ఈ అతుకును ఏటా వానాకాలం దాటగానే ఒకసారి విప్పి చూడడం మంచిది. పాత బండ్లలో దాన్ని కొన్న నాటి నుంచి ఎవరూ ముట్టుకోకపోవడమే ఎక్కువ.

వేడి మీదే ఎందుకు మొరాయిస్తుందన్న మీ సందేహానికి కూడా సమాధానం ఉంది. రాగి వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. సాలినాయిడ్ లోపలి రాగి తీగ చుట్ట 60 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని నిరోధం దాదాపు పావు వంతు పెరిగి, లాగే బలం తగ్గుతుంది. ఎర్తులో కొంత వోల్టేజి పోయి, చుట్ట వేడికి ఇంకొంత బలం పోయి, ఈ రెండూ కలిసిన రోజున సాలినాయిడ్ లోపల మోటారుకు కరెంటు కలిపే రాగి ముఖాలు గట్టిగా ఆనవు. చల్లబడితే రెండో లోటు తీరుతుంది కాబట్టి బండి కదులుతుంది. కొత్త బ్యాటరీ వేసినా మార్పు రానిది అందుకే.

ఒకవేళ ‘టక్’ కూడా రాని రోజు ఉంటే, తాళం తిప్పి పట్టుకున్నప్పుడు సాలినాయిడ్ మీది సన్నతీగ దగ్గర ఎంత వోల్టేజి ఉందో చూడండి. పది కంటే తక్కువ వస్తుంటే ఇగ్నిషన్ స్విచ్చి లోపలి ముఖాలు కాలిపోయి ఉంటాయి, లేదా మధ్యలో కనెక్టర్ వదులుగా ఉంటుంది. అప్పుడు స్విచ్చి కరెంటు నేరుగా చుట్టకు పోకుండా మధ్యలో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెట్టించడం చవకైన, మన్నికైన పని. స్క్రూడ్రైవరుతో సాలినాయిడ్ మీది రెండు బోల్టులను కలిపి సెల్ఫ్ కొట్టే అలవాటు మాత్రం మానండి. గేరులో ఉన్న బండి ముందుకు దూకుతుంది.

మోటారు తిరుగుతున్నా పొద్దున్నే ఇంజిను అందుకోకపోవడం డీజిల్ లైనులోకి గాలి చేరడం వల్ల కావచ్చు, మీ సమస్య అది కాదు కాబట్టి దాన్ని ఇక్కడ పెంచను. ఫిల్టరుకూ పంపుకూ మధ్య పారదర్శకమైన గొట్టం ముక్క తాత్కాలికంగా పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూస్తే తెలుస్తుంది.

లోపం దొరికేదాకా బండిని వాలులో ఆపి, దొర్లించి స్టార్టు చేస్తున్నట్టు కూడా రాశారు. చదును నేలమీద నలుగురు తోస్తే తప్పు లేదు. లక్ష్మీపూర్ వైపు ఘాట్‌లో మాత్రం అలా చేయకండి. ఇంజిను తిరగనప్పుడు, బ్రేకు నొక్కడాన్ని తేలిక చేసే వాక్యూమ్ సాయం రెండు మూడు నొక్కులకే అయిపోతుంది, ఆ తరువాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

రెండు వైపులా వోల్టేజి నష్టం చెప్పిన హద్దుల్లోనే ఉండి, సన్నతీగ దగ్గర పూర్తి వోల్టేజి వస్తూ, అప్పటికీ మోటారు తిరగకపోతే మీ మేస్త్రి అనుమానం సరైనదే. స్పానరు పిడితో మోటారు ఒంటి మీద మెల్లగా తడితే తిరిగినా అంతే, లోపం దాని లోపలే ఉంది. అప్పుడు కూడా మొత్తం మోటారు కొనే ముందు కార్బన్ బ్రష్‌లు ఎంత అరిగాయో, సాలినాయిడ్ లోపలి రాగి ముఖాలు గుంటలు పడ్డాయేమో మీ ఎదుటే విప్పి చూపించమనండి. చాలాసార్లు ఆ రెంటిని మార్చితే సరిపోతుంది.