అలల మీద నిలబడాలంటే: సీమ పాఠకుల సర్ఫింగ్ ప్రశ్నలు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాం. తీరంలో ఉండేవాళ్లకు ఈరోజు అల బాగాలేకపోతే రేపుంటుంది. సీమవాళ్లకు ఏడాదికి నాలుగైదు రోజులు దొరికితే గొప్ప. అందుకే రైలెక్కేలోపు ముగించుకోవాల్సిన పనుల మీదే ఈ జవాబులు ఎక్కువగా నడిచాయి.

ప్ర: వయసు 32, బరువు 74 కిలోలు. చెన్నై దగ్గరి కోవళంలో మూడు రోజులు సర్ఫింగ్ నేర్చుకోబోతున్నాను. అప్పటిదాకా ఇంట్లో ఏం సాధన చేయాలి? – ఒక పాఠకుడు, కడప

జ: పాప్-అప్. బోర్డు మీద బోర్లా పడుకున్న మనిషి ఒక్క ఊపులో లేచి నిలబడటాన్ని అలా అంటారు. నీళ్లలో దానికి దొరికేది సెకనో, సెకనున్నరో. ఏ కాలు ముందు, ఏ చెయ్యి ఎక్కడ అని ఆలోచించే తీరిక ఉండదు. ఇది ఇంట్లో నేర్చుకోకుండా వెళ్తే మొదటి రోజంతా ఇసుక మీద దీనికే పోతుంది.

నేల మీద సుద్దముక్కతో బోర్డంత, అంటే 8 అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు పెట్టె గీసి, మధ్యలో నిలువుగా ఒక గీత లాగండి. కింద కడప బండలుంటే ఉత్త చాప జారుతుంది, యోగా మ్యాట్ వేసుకోండి. మిద్దె మీద చేస్తే తెల్లవారుజామునే కానివ్వండి, పొద్దెక్కితే అరచేతులు కాలతాయి.

గీత మీద బోర్లా పడుకోండి. కాళ్లు రెండూ దగ్గరగా, గడ్డం పైకి, చూపు ఎదుటి గోడ మీద. అరచేతులు కింది పక్కటెముకల పక్కన నేలకు చదునుగా ఆనాలి, మోచేతులు ఒంటికి అంటుకుని ఉండాలి. చేతులతో నేలను తోస్తూ ఛాతీ, నడుము లేపండి. కింద ఖాళీ ఏర్పడగానే ముందు కాలు రెండు చేతుల మధ్యకు రావాలి, వెనక కాలు దాని వెంటే వచ్చి గీతకు అడ్డంగా పడాలి. రెండు పాదాల మధ్య భుజాల వెడల్పు కంటే కాస్త ఎక్కువ దూరం. ముందు పాదం 45 డిగ్రీలు వాలుగా, వెనక పాదం దాదాపు పూర్తిగా అడ్డంగా. రెండు పాదాల మధ్యభాగాలూ గీత మీదే ఉండాలి. మోకాళ్లు వంచి, వెనక మోకాలిని కొద్దిగా లోపలికి తిప్పండి.

అందరూ చేసే తప్పులు మూడు. ఒకటి, బోర్డు అంచులు పట్టుకుని లేవడం. అంచు మీద బరువు పడగానే బోర్డు ఒరిగిపోతుంది. రెండు, ముందు మోకాళ్ల మీద లేచి, తర్వాత నిలబడటం. ఇంట్లో హాయిగా ఉంటుంది గానీ నీళ్లలో మోకాళ్ల దగ్గరే ఆగిపోతారు, పైగా ఆ అలవాటు వదిలించుకోవడం కష్టం. మూడు, కిందికి చూడటం. పాదాల వైపు చూస్తే తల వాలుతుంది, బరువు ముందుకు పోతుంది, మనిషి ముందుకు పడతాడు.

రోజుకు పదేసి చొప్పున మూడు విడతలు చాలు. అలసిపోయి భంగిమ చెడ్డాక చేసే ప్రతి పాప్-అప్ తప్పును ఒంటికి నేర్పుతుంది, అక్కడితో ఆపేయండి. లేచిన ప్రతిసారీ కదలకుండా ఉండి పాదాలు ఎక్కడ పడ్డాయో గీతతో సరిచూసుకోండి.

ఏ కాలు ముందుండాలో తెలియకపోతే ఇంట్లో ఎవరినైనా చెప్పకుండా వెనక నుంచి మెల్లగా తోయమనండి. తూలి ఏ కాలు ముందుకు వేస్తారో సాధారణంగా అదే ముందు కాలు. లీష్, అంటే బోర్డును కాలికి కట్టే తాడు, వెనక కాలి చీలమండకు కట్టాలి.

ప్ర: కేసీ కెనాల్‌కు నీళ్లు వదిలినప్పుడు ట్యూబు మీద పడుకుని చేతులతో ప్యాడిల్ చేయడం నేర్చుకోవచ్చా? – ఒక విద్యార్థి, నందికొట్కూరు

జ: వద్దు. పారే కాలువలో గట్టు వాలు పాచిపట్టి ఉంటుంది. ఎక్కుదామంటే కాలు నిలవదు, ఈలోపు నీరు కిందికి లాక్కుపోతుంది. కింద తూములు, రెగ్యులేటర్లు, సైఫన్లు ఉంటాయి. వాటి దగ్గర లాగుడు ఎంతుందో పైనుంచి కనబడదు. ఈత వచ్చినవాళ్లే పోతున్నారు. చెరువుల్లో పూడిక, తూటికాడ కాళ్లకు చుట్టుకుంటాయి.

లైఫ్‌గార్డు ఉన్న స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లండి. ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి. ఆ వెంటనే గట్టు ముట్టుకోకుండా, నిటారుగా, ఐదు నిమిషాలు నీళ్లలో తేలగలగాలి. ఈ రెండూ రాకముందు సముద్రానికి టికెట్ తీసుకోవద్దు.

ప్యాడిల్‌కు, అంటే చేతులతో నీటిని వెనక్కి తోస్తూ బోర్డు నడపడానికి, కావాల్సిన కండ ఇంట్లోనే పెంచుకోవచ్చు. బోర్లా పడుకుని ఛాతీ, కాళ్లు నేల నుంచి లేపి 30 సెకన్లు నిలపండి. నాలుగుసార్లు చేస్తే వీపు సంగతి మీకే తెలుస్తుంది. నీళ్లలో చెయ్యి బోర్డు పక్కన ముందుకు చాచి దింపి, బోర్డు కిందుగా నడుము దాకా లాగాలి. కాళ్లు ఎడం చేస్తే బోర్డు అటూ ఇటూ ఊగుతుంది.

ప్ర: ఆన్‌లైన్‌లో 6 అడుగుల బోర్డు చవగ్గా వస్తోంది. కొని పెట్టుకుంటే మంచిదా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జ: కొనకండి. మొదలుపెట్టేవాళ్లకు చిన్న బోర్డు అంత నష్టం చేసేది ఇంకోటి లేదు. 6 అడుగుల షార్ట్‌బోర్డు వాల్యూమ్, అంటే ఘనపరిమాణం, సాధారణంగా 30 లీటర్ల అటూ ఇటూ ఉంటుంది. కొత్తవాళ్లకు తమ బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లుండాలి, 20 శాతం ఎక్కువుంటే మరీ మేలు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 లీటర్లు కావాలి. 8 అడుగుల సాఫ్ట్‌టాప్, అంటే పైపొర మెత్తగా ఉండే బోర్డు, ఆ లెక్కకు సరిపోతుంది. 75 కిలోలు దాటితే 9 అడుగులదాకా వెళ్లినా తప్పులేదు. వాల్యూమ్ తక్కువైతే బోర్డు సగం మునిగి నడుస్తుంది. ఎంత ప్యాడిల్ చేసినా అల వేగం అందుకోలేరు. పైన స్పాంజి పొర, అడుగున మెత్తటి ప్లాస్టిక్ ఫిన్స్ (రెక్కలు) ఉన్నది అద్దెకు తీసుకోండి. మీదా పడుతుంది, పక్కవాళ్ల మీదా పడుతుంది కదా.

ప్ర: ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి? సముద్రం ఎలా ఉంటుందో ముందే తెలుస్తుందా? – ఒక ఉద్యోగి, కర్నూలు

జ: ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప ముంబై–చెన్నై రైలు మార్గం మీదున్నాయి కాబట్టి అక్కడివాళ్లకు కోవళం, మహాబలిపురం తేలిక. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్ జరిగింది ఆ మహాబలిపురంలోనే. హిందూపురం వైపువాళ్లు బెంగళూరు మీదుగా మంగళూరు దగ్గరి ముల్కికి పోవచ్చు. కర్నూలు నుంచి మీకు దూరం ఎటూ తప్పదు. విశాఖలో బంధువులుంటే రుషికొండ చూడండి.

పడమటి తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల పోటు, కొత్తవాళ్లు దిగే సముద్రం కాదది. తూర్పున అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల గొడవ. సంక్రాంతి దాటాక ఎండలు ముదిరేలోపు తూర్పు తీరం నేర్చుకోవడానికి అనువు.

అంచనాలకు హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ ఉంది. అలల ఎత్తు, వాటి మధ్య వ్యవధి, గాలి దిశ చూపిస్తుంది, హెచ్చరికలూ ఇస్తుంది. చాలామంది ఎత్తు ఒక్కటే చూస్తారు. వ్యవధే అసలు సంగతి. మీటరు ఎత్తే అయినా 6 సెకన్లకొకటి వచ్చే అల దగ్గర్లో గాలికి పుట్టింది, బలం ఉండదు, గజిబిజిగా విరుగుతుంది. అదే మీటరు 12 సెకన్లకొకటి వస్తే ఎక్కడో దూరాన పుట్టి వచ్చిందని అర్థం, మోసుకొచ్చే బలం చాలా ఎక్కువ. కొత్తవాళ్లకు అర మీటరు నుంచి మీటరు లోపు, 8 సెకన్ల అటూ ఇటూ సరిపోతుంది.

పొద్దున ఆరుకే నీళ్లలో ఉండండి. రాత్రి చల్లబడిన నేల నుంచి గాలి సముద్రం మీదికి వీస్తుంది, అల ముఖం నున్నగా నిలుస్తుంది. పది దాటాక సముద్రపు గాలి తిరగబడి అలలను చిందరవందర చేస్తుంది. పన్నెండింటికి లేచి వచ్చే పర్యాటకుల పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ప్ర: రెండు ట్రిప్పుల్లో నురుగు అలల మీద నిలబడటం వచ్చింది. విరగని అల పట్టబోతే బోర్డు ముక్కు నీళ్లలోకి దిగబడి పల్టీ కొడుతున్నాను. కారణం? – ఒక పాఠకుడు, ఆదోని

జ: కారణం ఒక్కటే ఉండదు. ఇలా వరసగా చూసుకోండి.

మొదట పడుకునే చోటు. నిలకడ నీళ్లలో ప్యాడిల్ చేసేటప్పుడు ముక్కు నీటికి రెండు అంగుళాలు పైన ఉండాలి. నీటిని తాకుతుంటే మీరు ముందుకు జరిగి పడుకున్నారు. అరడుగు పైకి లేచి ఉంటే వెనక్కి జరిగారు, అప్పుడు అల మీ కిందినుంచి జారి వెళ్లిపోతుంది. సరైన చోటు దొరికాక గడ్డం ఎక్కడికొస్తుందో అక్కడ బోర్డు మీద మైనంతో (కాలు జారకుండా బోర్డుకు రుద్దేది) చిన్న గుర్తు పెట్టుకోండి. ప్రతిసారీ అదే గుర్తు మీద గడ్డం.

రెండోది ఆలస్యం. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. మీటరు అల ఛాతీ లోతు నీళ్లలో విరుగుతుందన్నమాట. మీరు సరిగ్గా ఆ చోటే కూర్చుంటే, అల మీ దగ్గరికొచ్చేసరికి గోడలా నిలబడి ఉంటుంది. నాలుగైదు మీటర్లు లోపలికి జరగండి. అల ఇంకా ఐదారు మీటర్ల దూరంలో ఉండగానే గట్టిగా ప్యాడిల్ మొదలుపెట్టండి. తోక లేచిందని తెలియగానే నిలబడాలనిపిస్తుంది, నిలబడొద్దు. చేతులతో ఇంకో రెండు తెడ్లు వేసి, బోర్డు తనంతట తాను జారుతోందని తెలిశాకే లేవండి. ఈ రెండు తెడ్లే తేడా.

మూడోది దిశ. తీరం వైపు తిన్నగా దిగితే ముక్కు అడుగున గుచ్చుకుంటుంది. అల ఎటు విరుగుతోందో చూసి ముక్కును అటు 30 డిగ్రీలు వాల్చి బయల్దేరండి. ముక్కు మునుగుతోందనిపిస్తే ఛాతీ పైకెత్తండి.

ఇవన్నీ సరిచేసినా, శిఖరం అప్పటికే వంగిపోతున్న అల వస్తే వదిలేయండి. వచ్చిన ప్రతి అలా మీది కాదు. అల మొదట విరిగే చోటుకు దగ్గరగా ఉన్నవాళ్లదే ఆ అల, వాళ్లు లేచాక మీరు అడ్డం దిగకూడదు.

ప్ర: మా బాబుకు 12 ఏళ్లు, నేర్చుకుంటానంటున్నాడు. భయంగా ఉంది. ఏం చూసుకోవాలి? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జ: భయం ఉండటం మంచిదేనమ్మా. నడుము లోతు దాటనివ్వని, నీళ్లలో పక్కనే నిలబడే ఇన్‌స్ట్రక్టర్ ఉన్న చోటే చేర్చండి. బాబుకు ఇవి కంఠతా రావాలి. బోర్డును తనకూ అలకూ మధ్య అడ్డంగా పట్టుకోకూడదు, అల దాన్ని ముఖం మీదికి విసిరేస్తుంది. పక్కనే ఉండాలి. పడితే తలకిందులుగా దూకకుండా పక్కకో వెనక్కో వెల్లకిలా పడాలి, లోతు ఎంతో తెలియదు కదా. పైకి వచ్చేటప్పుడు చేతులతో తల కప్పుకోవాలి. 8 అడుగుల బోర్డుకు 8 అడుగుల లీష్ కలిస్తే 16 అడుగులు, అంత దూరంలో ఎవరున్నా దెబ్బ తగలొచ్చు.

రిప్, అంటే తీరం నుంచి లోపలికి లాగే ప్రవాహం, దాని గురించి మీరూ తెలుసుకోండి. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒక చోట విరగకుండా ప్రశాంతంగా, ఇసుకతో మురికిగా కనబడుతుంది. తెలియనివాళ్లు అక్కడే దిగుతారు. అందులో పడితే తీరం వైపు ఎదురీదకూడదు. బోర్డు వదలకుండా తీరానికి సమాంతరంగా పక్కకు జరగాలి, ఒక చెయ్యి పైకెత్తి సాయం అడగాలి.

ప్ర: ఛాతీ, పొట్ట ఒరుసుకుపోయి మంట. – తాడిపత్రి

జ: మైనానికి ఇసుక అంటుకుని గరుకు కాగితంలా అవుతుంది. పొడుగు చేతుల రాష్‌గార్డ్, అంటే ఒంటికి అతుక్కునే ఈత చొక్కా, వేసుకోండి, వదులు టీషర్టు వద్దు. పాత మైనం గీకేసి కొత్తది రుద్దండి. మన నీళ్లు వెచ్చన కాబట్టి ట్రాపికల్ రకం అడగండి, చల్లటి నీళ్ల మైనం కరిగిపోతుంది.

ప్ర: నిలబడుతున్నాను, తిన్నగా పోతున్నాను. తిరగడం మాత్రం రావడం లేదు. – ఒక పాఠకుడు, హిందూపురం

జ: బహుశా నడుము దగ్గర వంగి, కాళ్లు బిగబట్టి నిలబడుతున్నారు. మోకాళ్లు వంచండి, వీపు నిటారుగా ఉంచండి. ముందు చూపు, తర్వాత ముందు చెయ్యి, దాని వెంట భుజం, నడుము తిరగాలి. అప్పుడు బరువు వేళ్ల మీదికో మడమల మీదికో పడి బోర్డు అంచు నీటిని కోస్తుంది. ఎడమ కాలు ముందుంటే కుడివైపుకు వేళ్లు, ఎడమవైపుకు మడమలు. అప్పటికీ తిరగకపోతే వెనక పాదాన్ని ఫిన్స్ పైదాకా ఒక జానెడు వెనక్కి జరపండి. పొడుగు బోర్డు మధ్యలో నిలబడితే తిన్నగానే పోతుంది మరి. వేళ్ల వైపు మలుపు ముందు వస్తుంది, ఒక పొద్దంతా దాని మీదే ఉండండి. అల కుడికి విరుగుతోందా ఎడమకా అన్నది తీరం వైపు తిరిగిన సర్ఫర్ లెక్కన చెబుతారు. ఒడ్డు మీదినుంచి వీడియో తీసేవాళ్లకు కుడి ఎడమలు తారుమారుగా కనబడతాయి, ఇన్‌స్ట్రక్టర్ కేక వినేటప్పుడు గుర్తుంచుకోండి.